గుండె లయ దోషం ఉన్న క్రీడాకారులు

గుండె కొట్టుకునే వేగమో క్రమమో గతి తప్పడాన్ని లయ దోషం లేదా అరిత్మియా అంటారు. ఇది బయటపడ్డాక ఆట కొనసాగించవచ్చా లేదా అన్నది లయ ఎందుకు తప్పుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. డబ్ల్యూపీడబ్ల్యూ సిండ్రోమ్‌లో గుండెలో పుట్టుకతోనే ఒక అదనపు విద్యుత్ మార్గం ఉంటుంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి ఆ మార్గాన్ని కాల్చేస్తారు. ఈ అబ్లేషన్ ఫలిస్తే చాలామంది కొన్ని వారాల్లోనో నెలల్లోనో మళ్లీ పోటీలకు దిగుతారు. ఏఆర్‌వీసీ అనే వంశపారంపర్య జబ్బు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అందులో కఠిన వ్యాయామమే గుండె కండరాన్ని మరింత పాడుచేస్తుంది కాబట్టి పోటీ క్రీడలు మానెయ్యమనే వైద్యులు చెబుతారు.

చిక్కంతా ఈ రెంటికీ మధ్య ఉన్నవాటితోనే. లాంగ్ క్యూటీ సిండ్రోమ్‌లో ప్రతి స్పందన తర్వాత గుండె విద్యుత్తు సర్దుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. దీని మొదటి రకంలో ప్రమాదాన్ని రేపేవాటిలో ఈత ముఖ్యమైనది. అమెరికా ఈతగత్తె డానా వోల్మర్‌కు 2003లో గుండె వేగాన్ని సరిచేసే శస్త్రచికిత్స జరిగినప్పుడు లాంగ్ క్యూటీ కూడా ఉండవచ్చని తేలింది. ఛాతీలో పరికరం పెట్టించుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. బదులుగా, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను తల్లి ఈతకొలను దగ్గరికి వెంట తెచ్చేది. వోల్మర్ 2004 ఏథెన్స్ రిలేలో స్వర్ణం గెలిచింది. 2012 లండన్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైని 55.98 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ కథలో పతకాల కంటే ఆ తల్లి మోసిన పెట్టెకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఐసీడీ అంటే చర్మం కింద అమర్చే చిన్న డీఫిబ్రిలేటర్. ప్రాణాంతకమైన లయను అది తానే పసిగట్టి షాక్ ఇస్తుంది. 2005 నాటి అమెరికా మార్గదర్శకాలు ఐసీడీ ఉన్నవారికి గోల్ఫ్, బిలియర్డ్స్ వంటి తేలికపాటి ఆటలే అనుమతించాయి. ఆ తేలిక ఆటల వర్గంలో క్రికెట్ కూడా ఉంది! ఫాస్ట్ బౌలర్లెవరూ దీనికి ఒప్పుకోరు. ఈ నిషేధం వెనుక ఉన్నది ఆధారాల కంటే భయమే. హృద్రోగ నిపుణురాలు రేచెల్ లాంపర్ట్ బృందం పరికరంతోనే ఆడుతున్న 372 మందిని గమనించి 2013లో ఫలితాలు ప్రకటించింది. కొందరికి ఆడుతుండగా షాక్‌లు తగిలినా, ఆటలో ఒక్క మరణమూ సంభవించలేదు. తర్వాత అమెరికా 2015లో, యూరప్ 2020లో నిబంధనలు సడలించి, నిర్ణయాన్ని వైద్యుడూ క్రీడాకారుడూ కలిసి తీసుకోవాలన్నాయి.

ఇటలీ దారి వేరు. పోటీ క్రీడాకారులకు అక్కడ 1982 నుంచి ఈసీజీతో కూడిన వైద్య పరీక్ష తప్పనిసరి. ఆ పరీక్షలు మొదలయ్యాక వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు బాగా తగ్గాయి. కానీ ఐసీడీ ఉంటే అక్కడ ఫుట్‌బాల్ పోటీలకు అనుమతి దొరకదు. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ కుప్పకూలాడు. మైదానంలోనే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించి, తర్వాత ఐసీడీ అమర్చారు. ఇటలీ నిబంధన వల్ల ఆ డిసెంబరులో అక్కడి క్లబ్ ఇంటర్ మిలాన్‌తో అతని ఒప్పందం రద్దయింది. 2022 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫర్డ్ తరఫున మళ్లీ ఆడాడు. 2024 యూరో పోటీల్లో స్లొవేనియాపై గోల్ చేశాడు. నెదర్లాండ్స్ ఆటగాడు డేలీ బ్లిండ్ ఐసీడీ 2020లో ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో పనిచేసింది. అతను 2022 ప్రపంచకప్‌లోనూ ఆడాడు.

2021 పారిస్-రూబే విజేత, ఇటలీ సైక్లిస్టు సోనీ కాల్‌బ్రెల్లి మాత్రం తిరిగి రాలేదు. 2022 మార్చిలో స్పెయిన్‌లో పందెం ముగియగానే కుప్పకూలాడు. అతనికీ ఐసీడీ పెట్టారు. ఫుట్‌బాల్ మైదానంలో పడిపోతే వైద్యులు వెంటనే చేరగలరు. కొండ దిగుతున్న సైకిలు మీద స్పృహ తప్పితే, షాక్ పనిచేసేలోపే పడిన దెబ్బ ప్రాణం తీయవచ్చు. ఆ ఏడాది నవంబరులో అతను రేసింగ్ మానుకుంటున్నట్లు ప్రకటించాడు.