శ్రమలోనూ విశ్రాంతిలోనూ గుండె విద్యుత్ సంకేతాలు

శరీరం శ్రమించేటప్పుడు గుండె వేగంతో పాటు దాన్ని నడిపే విద్యుత్ సంకేతాల వ్యవధి, ఆకారం కూడా మారతాయి. శ్రమ ఆగాక కొన్ని నిమిషాల్లో అవి చాలావరకు మామూలు స్థితికి వస్తాయి. ఈ రాకపోకలను ఈసీజీ కాగితం మీద చూపించేదే ట్రెడ్‌మిల్ పరీక్ష. ఆస్పత్రుల్లో దీన్ని టీఎంటీ అంటారు.

కోనసీమలోని మామిడికుదురు మండలంలో వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లి కొబ్బరితో బతికే ఊరు. ఇలాంటి ఊళ్లలో కొబ్బరి దింపు కార్మికుడి పని గుండెకు ఏ ట్రెడ్‌మిల్‌కూ తీసిపోని పరీక్ష. చెట్టెక్కేటప్పుడు కాళ్లతో పాటు చేతులు, భుజాలు కూడా బరువు మోస్తాయి. ఒకే మోతాదు శ్రమను కాళ్లతో చేసినప్పటికన్నా చేతులతో చేసినప్పుడు గుండె వేగం, రక్తపోటు ఎక్కువ పెరుగుతాయి. దానికి కోనసీమ ఉక్కపోత తోడైతే ఒంటిని చల్లబరచడానికి చర్మానికి అదనంగా రక్తం పంపాలి కాబట్టి వేగం ఇంకా పెరుగుతుంది.

గుండెకు తాళం వేసేది కుడి కర్ణిక పైభాగంలోని సైనస్ కణుపు. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దీన్ని గుర్తించారు. నాడుల ప్రభావమేదీ లేకుండా వదిలేస్తే ఇది నిమిషానికి సుమారు 100 సార్లు సంకేతాలు పంపుతుంది. కూర్చున్న మనిషి గుండె వేగం 70 దగ్గర ఉండటానికి కారణం, దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టి ఉంచిన పగ్గం. చెట్టెక్కడం మొదలుపెట్టిన తొలి క్షణాల్లో జరిగేది ముఖ్యంగా ఆ పగ్గం వదులవడమే. వేగం 100 దాటాక గుండె వేగాన్ని పెంచే సింపథెటిక్ నాడులు, అడ్రినలిన్ పని అందుకుంటాయి.

ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది. నాడి 60 ఉంటే రెండు శిఖరాల మధ్య 25 మిల్లీమీటర్లు, 150 ఉంటే 10 మాత్రమే. ఆ ఇరుకులోనే అన్నీ సర్దుకోవాలి. కర్ణికలను సూచించే పీ తరంగం ఎత్తవుతుంది. పీ నుంచి జఠరికల స్పందన మొదలయ్యేదాకా పట్టే సమయం, జఠరికలు స్పందించి తిరిగి కుదుటపడేదాకా పట్టే క్యూటీ వ్యవధి రెండూ తగ్గుతాయి. వేగం బాగా పెరిగితే జఠరికలు కుదుటపడటాన్ని సూచించే ఒక స్పందన టీ తరంగం మీద తర్వాతి స్పందన పీ వచ్చి కూర్చుంటుంది. గుండె సంకోచించే సమయం కన్నా సడలే సమయమే ఎక్కువ కుదించుకుపోతుంది. గుండె కండరానికి రక్తం ప్రధానంగా అందేది ఆ సడలింపులోనే. అందుకే గుండెకు రక్తం తెచ్చే ధమని ఇరుకైన మనిషికి కూర్చున్నప్పుడు కనపడని లోటు శ్రమలో బయటపడుతుంది. టీ తరంగానికి ముందుండే ఎస్‌టీ భాగం ఒక మిల్లీమీటరుగానీ అంతకన్నా ఎక్కువగానీ కిందికి దిగి, సమతలంగానో కిందికి వాలుతూనో ఉంటే రక్తం చాలడం లేదని అనుమానిస్తారు. కిందికి దిగినా పైకి వాలుతూ ఉంటే చాలాసార్లు అది మామూలు మార్పే.

1963లో సియాటిల్ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ ప్రచురించిన ట్రెడ్‌మిల్ పరీక్ష పద్ధతే నేటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. ఇందులో మూడేసి నిమిషాలకు ఒకసారి వేగాన్నీ వాలునూ పెంచుతారు. అయితే బెల్టు ఆగడంతో పరీక్ష అయిపోయిందనుకోవడం పొరపాటు. శ్రమలో కనపడని ఎస్‌టీ మార్పులు కొందరిలో విశ్రాంతి మొదలయ్యాకే కనిపిస్తాయి. అంతేకాదు, పనిచేస్తున్న కండరాల నుంచి రక్తంలో చేరిన పొటాషియం, పని ఆగగానే వేగంగా పడిపోతుంది. అడ్రినలిన్ మాత్రం ఇంకా రక్తంలోనే ఉంటుంది. జబ్బుపడిన గుండెలో లయ తప్పిన స్పందనలకు ఇది అనువైన సమయం.

వేగస్ ఎంత త్వరగా తిరిగి పట్టు సాధిస్తుందన్నది కూడా కొలవదగ్గదే. 1999లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, గరిష్ఠ శ్రమ తర్వాత మెల్లగా నడిపించినప్పుడు మొదటి నిమిషంలో నాడి 12 లేదా అంతకన్నా తక్కువే తగ్గినవారిలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువని చూపారు.

అప్పటి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో నమోదైన మరణాల్లో సుమారు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఒళ్లొంచి పనిచేసేవారికి గుండెపోటు రాదన్న ధీమా పల్లెల్లో కూడా చెల్లదు. అయితే ఈ జబ్బును పట్టే టీఎంటీకీ హద్దులున్నాయి. ఆడవారిలో లేని జబ్బును ఉన్నట్టు చూపడం ఎక్కువ. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారి నాడి అనుకున్నంత పెరగదు కాబట్టి, గరిష్ఠ గుండె వేగాన్ని అంచనా వేయడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క వారికి పనికిరాదు.