ఎందుకీ భాషలు? ఇరవై శతాబ్దాల సింహావలోకనం

మన ఊళ్లలో పెంతెకొస్తు సంఘాలవాళ్లు దాన్ని ఒక్కమాటలో ‘భాషలు’ అంటారు. ‘మా అక్కకు మొన్న ఉపవాస ప్రార్థనలో భాషలు వచ్చాయి’ అంటే, ఏ భాషలని ఎవరూ అడగరు. చాప మీద మోకరించి, కొంగు తల మీదికి లాక్కుని, ‘స్తోత్రం, స్తోత్రం’ అంటూ మొదలుపెట్టిన ప్రార్థన మెల్లగా తెలుగును దాటిపోయి తనకే తెలియని పలుకుల్లోకి వెళ్లడం వాళ్లకు కొత్త కాదు. అదే ఊళ్లో, రెండు వీధుల అవతల, లూథరన్ గుడికో బాప్టిస్టు గుడికో వెళ్లేవాళ్లకు అది వింత. కొందరికి అనుమానం కూడా. చేతిలో ఉన్నది ఒకే బైబిలు. మరి ఇంత దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే, ఈ వరం ఏ పని కోసం వచ్చిందని ఏ తరం అనుకుందో మొదటినుంచీ చూసుకుంటూ రావాలి.

యెరూషలేములో అది వారాల పండుగ, అంటే పెంతెకొస్తు, పస్కా తర్వాత యాభయ్యో రోజు. యేసు శిష్యులు ఒకచోట కూడి ఉండగా గాలి హోరు, తలల మీద అగ్నినాలుకలు, నోట కొత్త భాషలు. గ్రీకులో నాలుకకూ భాషకూ ఒకటే మాట. అపొస్తలుల కార్యములు రాసిన లూకా ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టి చెప్పిన అందం తెలుగులో ‘నాలుకలు’, ‘భాషలు’ అని విడిపోయేసరికి కొంత జారిపోయింది. పార్థీయులు, మాదీయులు, ఏలామీయులు మొదలుకొని రోమా, క్రేతు, అరబీ దేశాల దాకా చెదిరి బతుకుతున్న యూదులు పండక్కి వచ్చి, గలిలయ యాస మనుషుల నోట తమ తమ పుట్టిన ఊళ్ల మాటలు విని నివ్వెరపోయారు. తాగి వాగుతున్నారని గేలి చేసినవాళ్లూ లేకపోలేదు. పొద్దు పొడిచి ఇంకా జామైనా కాలేదని పేతురు లేచి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పొద్దున భాషలు చేసిన పని స్పష్టమే: దేవుని గొప్ప కార్యాలు ఇక ఒక్క జాతి సొత్తు కాదని, ప్రతి జాతికీ దాని సొంత మాటలోనే అందుతాయని చాటాయి. బాబెలు గోపురం దగ్గర తారుమారైన భాషలు ఇక్కడ ఒకే వార్తను మోశాయని తర్వాతి వ్యాఖ్యాతలు అన్నది అందుకే.

తర్వాతి ఘట్టాల్లో పని కాస్త మారింది. కైసరయలో రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట భాషలు వినబడినప్పుడు అక్కడ అనువాదం అవసరమైన పరదేశులెవరూ లేరు. సున్నతి లేని అన్యజనులకూ తమకిచ్చిన ఆత్మనే దేవుడిచ్చాడని పేతురు వెంట వచ్చిన యూదులకు అది రుజువైంది. యెరూషలేముకు తిరిగొచ్చాక పేతురును నిలదీసినవాళ్ల నోళ్లు మూయించిందీ అదే. ఎఫెసులో పౌలు చేతులుంచిన సుమారు 12 మంది విషయంలోనూ అంతే. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరే ఆగిపోయినవాళ్లు క్రీస్తు సంఘంలో కలిశారనడానికి గుర్తు. అయితే పెంతెకొస్తు నాడే బాప్తిస్మం పొందిన దాదాపు 3000 మంది భాషల్లో మాట్లాడారని లూకా ఎక్కడా అనడు. ఆయన చెప్పినదాన్నీ చెప్పకుండా వదిలినదాన్నీ పట్టుకుని తరవాత శతాబ్దాల పాటు వాదాలు నడిచాయి.

కొరింథుకు వచ్చేసరికి సంగతి సంఘం లోపలి తగువైంది. రెండు సముద్రాల నడుమ రేవు పట్టణం, కంచు సామానుకు పేరుమోసిన ఊరు. అక్కడి విశ్వాసులు భాషలతో మాట్లాడడాన్ని పెద్దరికానికి కొలబద్ద చేసుకున్నారు. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి పౌలు రాసిన మొదటి పత్రికలో 12 నుంచి 14 దాకా మూడు అధ్యాయాలు ఈ గొడవకే పోయాయి. తెలుగు బైబిలు పెంతెకొస్తు ఘట్టంలో ‘అన్యభాషలు’ అని, ఇక్కడ చాలాచోట్ల ఉట్టి ‘భాష’ అని రాసింది. తేడా మూలంలోనే ఉంది. ఇక్కడి భాష మనుషులకు అర్థం కాదు, దేవునికే తెలుసు. పౌలు దాన్ని కొట్టిపారేయలేదు, మీ అందరికంటే ఎక్కువగా నేనే మాట్లాడతానన్నాడు. అది మాట్లాడేవాడికి క్షేమాభివృద్ధి, ప్రవచనమైతే సంఘానికంతటికీ అని తూచి చెప్పాడు. సంఘంలో అర్థంకాని పదివేల మాటల కన్నా అర్థమయ్యే అయిదు మాటలు మేలని లెక్క కట్టాడు. స్వరం తేల్చని పిల్లనగ్రోవినీ, యుద్ధానికి పిలవలేని బూరనూ పోలిక తెచ్చాడు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ వంతులవారీగా, అర్థం చెప్పేవాడు ఉంటేనే అని కట్టడి పెట్టాడు. నడుమ యెషయా మాటను ఎత్తి, భాషలు అవిశ్వాసులకు సూచన అన్నాడు; అంతలోనే, బయటివాడు వచ్చి అందరూ భాషలు మాట్లాడడం వింటే పిచ్చిపట్టిందనుకోడా అనీ అడిగాడు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదర్చడానికి పండితులు పడుతున్న పాట్లు ఇన్నీ అన్నీ కావు. పదమూడో అధ్యాయంలో భాషలు నిలిచిపోతాయన్న మాట కూడా అలాంటిదే. పరిపూర్ణమైనది రాగానే అంటే బైబిలు పూర్తయినప్పుడని ఒకరు, క్రీస్తు రెండో రాకడ అని ఇంకొకరు. పత్రిక వరస చూస్తే రెండోవాళ్ల మాటే నాకు దగ్గరగా తోస్తుంది.

అపొస్తలుల తరం గతించాక ఈ వరం ఒక్కసారిగా ఆరిపోలేదు, సన్నగిల్లింది. రెండో శతాబ్దం చివర లియోన్ బిషప్ ఇరేనియస్ తన కాలంలోనూ నానా భాషలు మాట్లాడేవాళ్లున్నారని రాశాడు. అదే శతాబ్దంలో ఫ్రుగియలో మొంటానస్, అతని వెంట ప్రిస్కిల్ల, మక్సిమిల్ల అనే ప్రవక్త్రులు పరవశించి పలికిన పలుకులు సంఘానికి గుబులు పుట్టించాయి. పరవశం అంటేనే పెద్దలు వెనకాడే రోజులు వచ్చాయి. నాలుగో శతాబ్దం చివరికి అంతియొకయలో యోహాను క్రిసొస్తొమ్ కొరింథు పత్రికలోని ఈ అధ్యాయాలను బోధిస్తూ, ఆనాటి సంగతులు ఇప్పుడు జరగడం లేదు గనుక ఈ భాగం అంతుచిక్కకుండా ఉందని ఒప్పుకున్నాడు. ఉత్తర ఆఫ్రికాలో అగస్టీన్ దీనికి ఒక సిద్ధాంతమే కట్టాడు: భాషలు ఆ కాలానికి సరిపడిన సూచన, సంఘం అన్ని జాతుల్లోకీ వెళ్తుందని ముందే చూపిన గుర్తు, ఇప్పుడు సంఘమే అన్ని భాషల్లో మాట్లాడుతోంది గనుక గుర్తుతో పని తీరింది. వెయ్యేళ్లకు పైగా పాశ్చాత్య సంఘం ఈ నీడలోనే నడిచింది.

మధ్యయుగాల్లో ఆ వరం మహాత్ముల కథల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాతి కాలంలోనూ సాగిన అలాంటి కథలకు మన దేశపు ఉదాహరణే ఉంది. 1622లో పునీతుడిగా ప్రకటించబడిన ఫ్రాన్సిస్ జేవియర్‌కు భాషల వరం ఉండేదని భక్తులు చెప్పుకున్నారు. ఆయన ఉత్తరాలు చూస్తే కథ వేరు. 1542 తర్వాత తమిళ తీరంలో ముత్యాల కోసం మునిగే పరవర్ల మధ్య పనిచేస్తూ, రెండు భాషలూ తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని ప్రార్థనలు తమిళంలోకి మార్పించుకున్నాడు. ముక్క ముక్కగా బట్టీ పట్టి, వీధుల్లో గంట వాయిస్తూ పిల్లలకు చెప్పాడు. నాకు ఆ కథ కన్నా ఈ బట్టీ పట్టడమే గొప్పగా అనిపిస్తుంది.

సంస్కరణోద్యమం వరాల జోలికి పెద్దగా పోలేదు. ఫ్రాన్సులో హింసకు గురైన సెవెన్ అనే కొండ ప్రాంతపు ప్రొటెస్టెంట్లలో, 1831లో లండన్‌లో ఎడ్వర్డ్ అర్వింగ్ సంఘంలో అది మళ్లీ తలెత్తి అణిగింది. మన పక్కనే, తిరునెల్వేలి సీమలో, 1860లో లేచిన ఉజ్జీవం అంతకన్నా ముఖ్యమైనదని నేననుకుంటాను. దాని నాయకుడు జాన్ క్రిస్టియన్ అరులప్పన్ చిత్తూరులో స్థిరపడి సేవచేసిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ శిష్యుడు. నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన బౌడెన్, బీర్ దంపతులను ఇంగ్లండు నుంచి వెంట తెచ్చిందీ ఆ గ్రోవ్సే. భాషలు మాట్లాడేవాళ్లూ, వాటికి అర్థం చెప్పేవాళ్లూ తమ మధ్య ఉన్నారని అరులప్పన్ రాసుకున్నాడు. పెంతెకొస్తు ఉద్యమం అమెరికాలో పుట్టి మనకు దిగుమతి అయిందనేవాళ్లు ఈ నలభై ఏళ్లకు పైగా ముందరి సంగతిని దాటేస్తుంటారు. 1905లో పుణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో ఉజ్జీవం రగిలింది. మరుసటి ఏటికల్లా అక్కడి ఆడపిల్లల ప్రార్థనల్లో భాషలు వినిపించాయి. అందరికీ రావాల్సిందేనన్న నియమం మాత్రం అక్కడ పెట్టలేదు. ఆ ఆవరణలోనే రమాబాయి హెబ్రీ, గ్రీకు మూలాలు ముందు పెట్టుకొని బైబిలును సామాన్యుల మరాఠీలోకి తెచ్చే పనికి తన చివరి ఏళ్లు ధారపోసింది.

అమెరికాలో కథ 1901 జనవరి 1న కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో మొదలైంది. చార్లెస్ పార్హామ్ బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని భాషల్లో మాట్లాడింది. చైనా భాషే మాట్లాడిందని అక్కడివాళ్లు నమ్మారు. ఆత్మ బాప్తిస్మానికి భాషలే తొలి రుజువన్నది పార్హామ్ బోధ. దానికి ఆయన ఇంకొకటి జోడించాడు: ఇవి నిజమైన దేశభాషలు, మిషనరీలు ఇక వ్యాకరణాలు నేర్చే పని లేకుండా లోకమంతా సువార్త చెప్పవచ్చు. హ్యూస్టన్‌లో ఆయన పాఠాలు విన్న నల్లజాతి బోధకుడు విలియం సేమర్‌ను, ఆనాటి వర్ణభేదం వల్ల, తరగతి లోపల కూర్చోనివ్వలేదు. బయట కూర్చుని విన్న ఆ ఒకప్పటి బానిసల కొడుకే 1906 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో, ఒకప్పుడు గుర్రాల కొట్టంగా వాడిన భవనంలో, కూటాలు నడిపాడు. చెప్పుల పెట్టెలు రెండు ఒకదానిమీదొకటి పేర్చి వేదిక చేసుకుని, వాటిలో తల దాచుకుని ప్రార్థించేవాడట. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన మోకరించారు. పత్రికలు వెక్కిరించాయి. సేమర్ పోనుపోను, ప్రేమ లేని భాషలు రుజువు కావనే మాటకు వచ్చాడు.

అజూసా నుంచి ఆల్ఫ్రెడ్ గార్, ఆయన భార్య లిలియన్ కలకత్తాకు ఓడెక్కారు. తన నోట వచ్చింది బెంగాలీయేనని గార్ నమ్మకం. 1907 తొలి నెలల్లో లాల్ బజార్ బాప్టిస్టు మందిరంలో ఆయన కూటాలు జరిగాయి. విలియం కేరీ నెలకొల్పిన మందిరం అది. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించి, శ్రీరాంపూర్ ముద్రణాలయంలో 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడేదాకా భాషల వెంట ప్రాణం పెట్టిన ఆ కేరీ మందిరంలో, గార్ బెంగాలీ ఎవరికీ బోధపడలేదు. ఆయన స్థానంలో ఇంకొకరైతే అంతా భ్రమ అని ఓడ తిరిగి ఎక్కేవాళ్లు. గార్ ఎక్కలేదు. అనుభవం నిజమే, దాని పని గురించి తాననుకున్నదే పొరపాటన్నాడు: ఈ భాషలు బోధించడానికి కాదు, స్తుతికీ ప్రార్థనకీ అన్నాడు. యెరూషలేము అర్థం నుంచి కొరింథు అర్థానికి పెంతెకొస్తు ఉద్యమం మళ్లిన మలుపుల్లో అది ఒకటి, జరిగింది మన గడ్డ మీద. మన సంఘాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది.

మిగతా చరిత్ర త్వరగా చెప్పుకోవచ్చు. 1914లో ఏర్పడిన అమెరికా పెంతెకొస్తు సంఘాల కూటమి అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లో భాషలే తొలి రుజువని తన విశ్వాస ప్రకటనలో రాసుకుంది. దాన్ని ఒప్పుకోలేక 1918లో బోస్వర్త్ అనే బోధకుడు అందులోంచి బయటికి వెళ్లాడు. తిరువాంకూరు నుంచి వచ్చిన బోధకుల చొరవతో పెంతెకొస్తు మాట తెలుగు జిల్లాల్లోకి వచ్చింది. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టరైంది మన ఏలూరులోనే. 1960లో ఆంగ్లికన్లకు, 1967లో కతోలికులకు ఈ అనుభవం పాకింది. 1972లో విలియం సమారిన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు టేపులు పెట్టుకుని విని, ఈ పలుకుల్లో భాషకుండే నిర్మాణం లేదనీ, మాట్లాడేవాడి సొంత భాషా ధ్వనులే తిరగేసి వస్తాయనీ తేల్చాడు. నమ్మేవాళ్లు చలించలేదు, గార్ ఏనాడో వాళ్లకు జవాబు సిద్ధం చేసిపెట్టాడు. 2006లో ప్యూ అనే పరిశోధన సంస్థ భారతదేశంతో సహా పది దేశాల్లో చేసిన సర్వేలో, ఆరు దేశాల పెంతెకొస్తుల్లో నూటికి నలభై మందికి పైగా తామెన్నడూ భాషల్లో మాట్లాడలేదన్నారు. తొలి రుజువు సిద్ధాంతానికి సొంత ఇంట్లోనే ఇంతమంది సాక్షులు ఎదురు నిలిచారు.

ఇన్ని మలుపుల్లోనూ మారకుండా ఉన్నది పౌలు అడిగిన ఒక్క ప్రశ్న: విన్నవాడికి ఏం మిగిలింది? మన కూటాల్లో భాషలు మాట్లాడేవాళ్లకు కొదవలేదు, అర్థం చెప్పేవాళ్లే కరువు. కొరింథుకు రాసిన ఆ మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉన్నవి 40 వచనాలే. ఈ ఆదివారం గుడి నుంచి వచ్చాక ఒక్కసారి కూర్చుని చదవండి. భాషలు కావాలనేవాళ్లు 28వ వచనం దగ్గర కాసేపు ఆగండి. వద్దనేవాళ్లు 39వ వచనం దాకా వెళ్లకుండా పుస్తకం మూయకండి.