వాక్‌మన్ పోగొట్టుకున్న ఎర్ర బటన్

అసలు వాక్‌మన్ పుట్టిందే రికార్డర్ కడుపున. విలేకరుల కోసం తయారుచేసిన ప్రెస్‌మన్ అనే చిన్న టేప్ రికార్డర్‌ని సోనీ వాళ్ళు తీసుకుని, అందులోంచి రికార్డింగ్ పీకేసి, స్టీరియో పెట్టి, 1979 జూలైలో వాక్‌మన్‌గా అమ్మారు. జేబులోకి పాట వచ్చింది, ఎర్ర బటన్ పోయింది. మనం వినేవాళ్ళుగా మిగిలిపోయాం.

విచిత్రమేంటంటే అదే 1979లో టాస్కామ్ వాళ్ళు ఎదురు దారి పట్టారు. మామూలు కేసెట్‌లో ఎ సైడుకి రెండు, బి సైడుకి రెండు, మొత్తం నాలుగు ట్రాకులుంటాయి కదా. ఆ నాలుగింటినీ ఒకే వైపు వాడుతూ, టేపుని రెట్టింపు వేగంతో తిప్పుతూ పోర్టాస్టూడియో 144 చేశారు. ఒక ట్రాకు వింటూ ఇంకో ట్రాకులో పాడొచ్చన్నమాట. 1982లో వచ్చిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ నెబ్రాస్కా ఇంట్లో కూర్చుని దీనిమీద రికార్డు చేసిందే. కాకపోతే అది జేబులో పట్టదు.

ఆ రెంటినీ కలిపే పని ప్రోగ్రామర్ల చేతికొచ్చింది. 2001 చివర్లో ఆర్కోస్ ప్లేయర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ నచ్చక కొందరు స్వీడన్ కుర్రాళ్ళు రాక్‌బాక్స్ మొదలుపెట్టారు. 2003 నాటి ఐపాడ్‌కి మైకు తగిలిస్తే ఆపిల్ సాఫ్ట్‌వేర్ 8 కిలోహెర్ట్జ్ మోనో దాకానే ఇచ్చేది. అదే డబ్బా మీద లినక్స్ ఎక్కిస్తే అంతకంటే మంచి క్వాలిటీ వచ్చేది. హార్డ్‌వేర్‌కి చేతనవును, సాఫ్ట్‌వేరే ఒప్పుకోలేదు!

లెక్క వేసి చూడండి. సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 2 బైట్లు. నాలుగు ట్రాకులకి నిమిషానికి సుమారు 21 ఎంబీ. 20 జీబీ డిస్కులో పదిహేను గంటల పైనే పడుతుంది. అసలు చిక్కు ఆలస్యంతోనే. 4096 శాంపిళ్ళ బఫర్ ఉంటే రెండో ట్రాకు 93 మిల్లీసెకన్లు వెనకబడుతుంది, తాళం తప్పుతుంది. ఆలస్యం ఎంతో తెలిస్తే ట్రాకుని అంత ముందుకి జరిపితే సరి.

ఇదంతా మా కొత్తకోట వైపు వాళ్ళకెందుకూ అంటారా? మా పక్క నాగర్‌కర్నూల్ జిల్లాలోనే పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారున్నారు. 2021లో భీమ్లా నాయక్ పాటతో చాలామందికి తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర వాయించేవాళ్ళు వాయిస్తూనే పాడతారు. ఒకే మైకు పెడితే గొంతు తీగల్ని మింగేస్తుంది. స్టీరియో రికార్డర్‌కి రెండు మైకులు తగిలించి ఎడమ ఛానెల్ గొంతుకి, కుడి ఛానెల్ కిన్నెరకి ఇస్తే, రేపు నేర్చుకునే పిల్లాడికి ఏ మెట్టు మీద వేలు పడిందో విడిగా వినబడుతుంది. పాట మిగలడం వేరు, వాయిద్యం మిగలడం వేరు.

ఇప్పుడు ఫోన్లలోనే మల్టీట్రాక్ యాప్‌లు ఉన్నాయి. అంటే ఎర్ర బటన్ జేబులోకి తిరిగొచ్చేసింది, నొక్కేవాళ్ళే తక్కువ. ఈసారి దసరాకి ఊరెళ్ళినప్పుడు పాడే పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళనడిగి, ఒక గంట కూర్చుని రికార్డు చెయ్యండి. సెల్ఫీలు ఎలాగూ దిగుతాం లెండి.