సాగర్ ఒడ్డున ముప్పై మూడు ల్యాపులు

ఖమ్మం జిల్లా ముదిగొండ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే సుమారు రెండు వందల కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు మొత్తం దూరం అందులో సగం కూడా లేదు. 2.83 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు, 33 ల్యాపులు. అయినా రేసింగ్ పిచ్చి ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి చెప్పుకోవడానికి సరిపడా ముచ్చట్లు ఆ ఒక్క సాయంత్రమే మిగిల్చింది.

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడుసార్లు ఫార్ములా వన్ జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఆ తర్వాత దాదాపు పదేళ్లకు ఆ స్థాయి పోటీ మన దేశానికి వచ్చింది. ఈసారి వచ్చింది ఫార్ములా ఇ, అంటే కరెంటు కార్ల పోటీ. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం పరిసరాలు ట్రాకుగా మారాయి. రోజూ ఆ దారిన పోయే జనం మాత్రం అంత సులువుగా వదల్లేదు. పోటీకి ముందు రోజు మామూలు వాహనాలు నేరుగా ట్రాకు మీదికే వచ్చేశాయి!

ఈ కార్ల విశేషమంతా బ్రేకుల్లోనే ఉంది. గంటకు 322 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల బండికి వెనక చక్రాల దగ్గర మామూలు బ్రేకులే ఉండవు. వాటిని నెమ్మదింపజేసేది మోటారే. అలా నెమ్మదించేటప్పుడు పుట్టిన కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. రేసులో వాడే కరెంటులో దాదాపు 40 శాతం ఇలా రాబట్టుకున్నదే. అందుకే మలుపు ఇంకా దూరం ఉండగానే డ్రైవరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తాడు. చూసేవాళ్లకు అది వెనకబడటంలా కనిపిస్తుంది కానీ, నిజానికి ఆఖరి ల్యాపుల కోసం కూడబెట్టుకోవడం.

ఆ రోజు అందరికన్నా ముందు నుంచి బయలుదేరిన మిచ్ ఎవాన్స్‌ది జాగ్వార్ కారు. హెయిర్‌పిన్ మలుపులో వెనక నుంచి వచ్చి అతన్ని గుద్దిన శామ్ బర్డ్‌దీ జాగ్వారే. సొంత జట్టువాడే కొంప ముంచాడు, ఇద్దరి రేసూ అక్కడితో ముగిసింది. చివర్లో ముందున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, వెనకే నిక్ కాసిడీ. కాసిడీతో పోలిస్తే వెర్న్ బ్యాటరీలో మిగిలింది తక్కువ. అయినా దారి ఇవ్వకుండా అర సెకను కన్నా తక్కువ తేడాతో గీత దాటాడు. మూడోవాడిగా వచ్చిన సెబాస్టియన్ బుయెమీ, అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడినందుకు జరిమానా పడి కిందికి జారిపోయాడు. ఆ స్థానం తన వందో ఫార్ములా ఇ రేసులో పాల్గొంటున్న ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది.

రెండో రేసు 2024 ఫిబ్రవరి 10న జరగాలి. ప్రభుత్వం మారింది, ఒప్పందం చెడింది, జనవరిలోనే రద్దు ప్రకటన వచ్చింది. రేసు కోసం చేసిన చెల్లింపుల వ్యవహారం ఆ ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు దాకా వెళ్లింది.

హుస్సేన్ సాగర్ కథ అంతటితో ఆగినా, రేసింగ్‌తో తెలుగువాళ్ల చుట్టరికం అంతకన్నా పాతది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ వారి తెలుగు నాయుడు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారు చేశాడు. ఫార్ములా మారుతి అని పిలిచిన ఆ కార్లతోనే ఎందరో కుర్రాళ్లు రేసింగ్‌లోకి వచ్చారు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా వాటితోనే మొదలుపెట్టాడు. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

సాగర్ ఒడ్డున కట్టిన కంచెలు రేసు కాగానే తీసేశారు. ముదిగొండ కుర్రాడెవరైనా ఫార్ములా కారు నడపడం నేర్చుకోవాలంటే నేటికీ ఖమ్మంలో కోయంబత్తూరు వైపు వెళ్లే రైలెక్కాల్సిందే.