పశువుల ఎరువు, రసాయన ఎరువు: తులనాత్మక చరిత్ర

పశువుల పేడ, మూత్రం, కొట్టంలో పరిచిన గడ్డి కలిసి చివికితే పశువుల ఎరువు అవుతుంది. ఖనిజాల నుంచి, గాలిలోని నత్రజని నుంచి కార్ఖానాలో తయారయ్యేది రసాయన ఎరువు. రెండింటిలో పంటకు ఏది మేలు, నేలకు ఏది మేలు అన్న ప్రశ్నపై 1843లో ఇంగ్లండ్‌లో మొదలైన పొలం ప్రయోగం నేటికీ సాగుతోంది.

నేపథ్యం

తొలకరికి ముందు పెంటదిబ్బ తవ్వి బండ్లతో చేలకు తోలడం, కోతలయ్యాక పొలంలో రాత్రిళ్లు గొర్రెల మంద కట్టించడం తెలుగు పల్లెల్లో పాత పద్ధతులు. మంద కట్టిన చేనికి పెంటికలతో పాటు, పెంటదిబ్బ దాకా చేరని మూత్రం కూడా దక్కుతుంది.

మొక్కకు ఆహారం చివికిన పెంట కాదని, ఖనిజ లవణాలేనని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1840లో వాదించాడు. 1842లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ బెన్నెట్ లాస్ సూపర్ ఫాస్ఫేట్‌కు పేటెంట్ పొందాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసి చూపగా, కార్ల్ బాష్ కృషితో 1913లో అది కార్ఖానా ఉత్పత్తిగా మారింది. యూరియాకు దారి వేసింది ఇదే.

బ్రాడ్‌బాక్ పొలం

లాస్, రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ కలిసి 1843లో రోథమ్‌స్టెడ్‌లోని బ్రాడ్‌బాక్ పొలంలో గోధుమ విత్తారు. ఒక మడికి ఏటా ఎకరాకు సుమారు 14 టన్నుల పశువుల ఎరువు, మరికొన్నిటికి రసాయన ఎరువులు వేశారు. ఒక మడికి ఏమీ వేయలేదు. తగిన మోతాదులో నత్రజని, భాస్వరం, పొటాష్ అందిన మడులు దిగుబడిలో పశువుల ఎరువు మడికి దాదాపు సాటి వచ్చాయి. లాస్ స్వయంగా ఎరువుల వ్యాపారి. అయినా పెంట వేసిన మడిని వదలకుండా కొలిపించడం ఈ ప్రయోగానికి విలువ తెచ్చింది.

తేడా నేలలో కనబడింది. పశువుల ఎరువు మడిలో సేంద్రియ కర్బనం, ఏమీ వేయని మడి కన్నా రెండింతలు దాటింది. రసాయన ఎరువు మడులలో కొంచెమే పెరిగింది. 1968 నుంచి పొట్టి రకాలు వేశాక, రెండు ఎరువులూ కలిపిన మడి ఏ ఒక్కటి వేసిన మడినైనా మించింది.

పశువుల ఎరువుకూ లోపం ఉంది. 1849లో మడుల కింద వేసిన మురుగు గొట్టాల నీటిని రసాయన శాస్త్రవేత్త అగస్టస్ వోల్కర్ పరీక్షించాడు. పెంట నుంచి నత్రజని ఏడాది పొడవునా నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి, పైరు అందుకోలేని కాలంలో నైట్రేట్‌గా నీటితో పోతుంది.

భారతదేశంలో

అగస్టస్ వోల్కర్ కుమారుడు జాన్ అగస్టస్ వోల్కర్ 1889లో భారత సేద్యాన్ని పరిశీలించడానికి వచ్చాడు. 1893 నాటి నివేదికలో, రైతు పేడను పిడకలుగా కాల్చడానికి కారణం అజ్ఞానం కాదు, కట్టెల కొరత అని రాసి, వంటచెరకు అడవులు పెంచాలని కోరాడు. 1909లో కోయంబత్తూరులో శాశ్వత ఎరువుల ప్రయోగం మొదలైంది. 1970 తర్వాత భారత వ్యవసాయ పరిశోధనా మండలి దీర్ఘకాలిక ప్రయోగాలను విస్తరించింది. తెలంగాణలోని జగిత్యాల కూడా వాటిలో ఒక కేంద్రం. రాంచీలోని ఆమ్ల నేలలో ఏటా నత్రజని ఒక్కటే వేసిన మడులలో ఆమ్లత్వం పెరిగి దిగుబడి పడిపోయింది. మూడు పోషకాలకూ పశువుల ఎరువు తోడైన మడులు నిలకడగా పండాయి.

పోషకాల లెక్క

చివికిన పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, యూరియాలో 46 శాతం. 10 టన్నుల పెంటలో దాదాపు 50 కిలోలు ఉంటే, ఆ మొత్తం రెండున్నర యూరియా బస్తాలకు లోపే దొరుకుతుంది. పైగా పెంటలోని నత్రజనిలో తొలి పంటకు అందేది కొంతే. బస్తా పైరు ఆకలిని వెంటనే తీరుస్తుంది. పెంట మాత్రం జింక్ వంటి సూక్ష్మ పోషకాలను, వానపాములకు తిండిని, మట్టి గుల్లబారి నీరు పట్టే గుణాన్ని ఇస్తుంది.

పశువులు తగ్గిన ఊళ్లలో అంత పెంట దొరకదు. అందుకే ఉన్న కొద్ది పెంటనూ నీడలో గుంటలో మాగబెట్టి, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట దున్ని, మిగిలిన లోటును మట్టి పరీక్షను బట్టి రసాయన ఎరువుతో పూరించే సమగ్ర పోషక యాజమాన్యాన్ని శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తున్నారు.