సున్నం వేసిన ఇల్లు

ధనుర్మాసం సగం గడిచి సంక్రాంతి దగ్గరపడిందంటే చాలు, ఒకప్పుడు మన ఊళ్లలో ఇంట్లో ఉండాల్సినవన్నీ వీధిలో కనిపించేవి. మంచాలు, ట్రంకు పెట్టెలు, దేవుడి పటాలు, ఊరగాయ జాడీలు, పాత పరుపులు అన్నీ అరుగుల మీదికి, వాకిట్లోకి చేరేవి. ఖాళీ అయిన గదుల్లో బూజు దులిపేవారు. అక్కర్లేని మేకులు పీకి, పగుళ్లు పూడ్చి, గోడలకి సున్నం కొట్టేవారు. తెలంగాణలో చాలా ఇళ్లలో ఈ పని దసరాకి జరిగేది. పెళ్లి కుదిరితే మాత్రం నెలతో పని లేదు, ముందు సున్నాలు, ఆ తర్వాతే పందిరి. సాయంత్రం సామాను లోపలికి మోసేటప్పుడు కొన్ని వస్తువులు వాకిట్లోనే మిగిలిపోయేవి. ఏది కావాలో, ఏది అక్కర్లేదో ఇంటిల్లిపాదీ తేల్చుకునే రోజు అది.

ఇల్లు అమ్మాలనుకునేవాళ్లకి ఇప్పుడు ఇదే పనిని హోమ్ స్టేజింగ్ పేరుతో చేసిపెడుతున్నారు. దీనికి ఆద్యురాలిగా అమెరికాలో బార్బ్ ష్వార్జ్ పేరు చెబుతారు. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుగా వాషింగ్టన్ రాష్ట్రంలో 1972లో ఆమె ఈ పద్ధతి మొదలుపెట్టారు. సామాను తగ్గించాలి, గోడలకి లేత రంగు వేయాలి, కిటికీలు తెరిచి వెలుతురు రానివ్వాలి, ఆ తర్వాతే కొనేవాళ్లని లోపలికి పిలవాలి. డాలస్‌లోనో శాన్‌హోసేలోనో ఇల్లు అమ్మిన మనవాళ్లకి ఇది తెలిసిన తంతే. హైదరాబాద్ బిల్డర్లు చూపించే మోడల్ ఫ్లాట్ కూడా ఈ కోవలోదే. సామాను తగ్గించడం, గోడలకి లేత రంగు, వెలుతురు, ఈ మూడూ మన పండగ సున్నాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఇంటికి కళ తెచ్చిన వస్తువు సున్నమేనన్నది నా అభిప్రాయం. దాని చరిత్ర మనం గుర్తుంచుకోదగ్గది. అందులో కొంత బాధపెట్టేది కూడా ఉంది.

సున్నపురాయిని బట్టీలో పేర్చి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే, అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. తేలికైన తెల్లటి గడ్డలు మిగులుతాయి. వాటిని నీళ్లలో వేసిన వెంటనే ఏమీ జరగదు. కాసేపటికి గడ్డ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, చిటపటలు వినిపిస్తాయి. ఆ తర్వాత తొట్టి మొత్తం కుతకుతా ఉడుకుతుంది, ఆవిరి కమ్ముకుంటుంది, గడ్డలు విచ్చుకుని వెన్నలా మారతాయి. పొయ్యి లేకుండానే నీళ్లు మరుగుతుంటే పిల్లలు చుట్టూ చేరేవారు, పెద్దలు వాళ్లని అదిలించి దూరంగా నిలబెట్టేవారు. చల్లారిన సున్నాన్ని పాలలా పలచన చేసి గోడకి పూస్తే, గాలిలోంచి అదే బొగ్గుపులుసు వాయువుని మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. సున్నపు గోడ మీద ఉండేది పలుచటి రాతి పొర. అందుకే దాని తెలుపులో కళ్లకి హాయినిచ్చే ఒక మెత్తదనం ఉంటుంది. దీపం వెలుగు దాని మీద పడితే గది నిండా పరుచుకుంటుంది. కరెంటు లేని రోజుల్లో ఒక్క బుడ్డి దీపంతో గది నెట్టుకొచ్చారంటే, ఆ పుణ్యంలో సగం గోడలదే.

తెలుగు నేలకి ఈ రాయి కరువు లేదు. పల్నాడు భూమి పొరల్లో అది పుష్కలంగా ఉంది. పిడుగురాళ్ల ఇప్పటికీ సున్నపు బట్టీల ఊరే. కృష్ణ ఒడ్డున అమరావతి మహాస్తూపాన్ని చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి పలకల మీదే. క్రీస్తు పూర్వం నుంచి క్రీస్తు శకం 3వ శతాబ్దం దాకా శిల్పులు ఆ పలకల మీద బుద్ధుడి జీవితాన్ని, జాతక కథలని, ఏనుగుల్ని, పూల దండల్ని, ఇళ్ల ముంగిళ్లని చెక్కారు. తర్వాత బౌద్ధం వెనకపడింది, స్తూపం మట్టిదిబ్బ కింద నిద్రపోయింది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు రాయి కోసం ఆ దిబ్బని తవ్వారు. కొన్ని పలకలు కట్టడాల్లోకి వెళ్లాయి. చాలా పలకలు సున్నపు బట్టీల్లోకి వెళ్లాయి. అప్పట్లో ఒకసారి అక్కడికి వచ్చి చూసి వెళ్లిన కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి స్తూపం నడుమ చెరువు కోసం తవ్విన గుంట ఉంది. మిగిలిన పలకలకి ఆయన తన చిత్రకారుల చేత బొమ్మలు గీయించబట్టి, వాటిలో కొన్నిటి రూపమైనా మనకి దక్కింది. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన పలకలు ఇప్పుడు చాలావరకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కూడా అమరావతి పలకలు ఉన్నాయి.

ఆ పలకల్ని కాల్చినవాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లకి అది మంచి సున్నం ఇచ్చే రాయి, అంతే. అయినా ఎగ్మూరులో ఒక పలక ముందు నిలబడి, ఇలాంటివి ఎన్ని పిడికెడు సున్నంగా మారి ఏ గోడలకి పూత అయిపోయాయో అనుకుంటే గుండె చెరువవుతుంది.

సున్నం అందం చూడాలంటే హైదరాబాద్‌లో తల ఎత్తితే చాలు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన చార్మినార్‌లో బరువు మోసేది నల్లరాయి, సున్నం. కళ్లకి కనిపించే పూలు, తీగలు, జాలీలు, తోరణాల అంచులు గచ్చు పని. ఆ గచ్చుకి మామూలు సున్నం సరిపోదు, డంగు సున్నం కావాలి. నేల మీద గుండ్రంగా రాతి కాలువ కట్టి, అందులో సున్నం, ఇసుక పోసి, ఎద్దులు లాగే రాతి చక్రంతో రోజుల తరబడి నూరేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం, మారేడు గుజ్జు, గుడ్డు తెల్లసొన లాంటివి కలిపేవారు. ఏది ఎంత కలపాలన్నది ఒక్కో మేస్త్రీ చేతిలో ఒక్కో విద్య. మద్రాసు మేస్త్రీలు గవ్వల్ని, నత్తగుల్లల్ని కాల్చి తీసిన సున్నంతో గోడల్ని నునుపురాయితో రుద్దీ రుద్దీ పాలరాయిలా మెరిపించేవారు. ఆ మెరుపు చూసి ఈస్టిండియా కంపెనీ కాలపు తెల్లవాళ్లు ముచ్చటపడి రాసుకున్నారు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలకి ఆధారం కూడా సున్నపు పూతే.

రాజుల గచ్చు ఒక ఎత్తు, మామూలు ఇంటి సున్నం మరో ఎత్తు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. దానికి ఎద్దులు అక్కర్లేదు, కరక్కాయ అక్కర్లేదు. ఒక తొట్టి, ఒక నార కుంచె, పట్టుగా నిలవడానికి కాస్త తుమ్మ జిగురో గుప్పెడు ఉప్పో, తెలుపు పసుపు పచ్చగా కనిపించకుండా చిటికెడు నీలిమందు ఉంటే చాలు. గోడ అడుగున జానెడో మూరెడో ఎత్తున జాజు పట్టె వేసేవారు. ఆ ఎర్రమన్ను పట్టె అందానికి అందం, వాన చినుకులకి ఎగిరిపడే బురద మరకల్ని దాచే ఉపాయం కూడా. గడపకి పసుపు, కుంకుమ బొట్లు, వాకిట్లో అలికిన నేల మీద ముగ్గు. తెలుపు, ఎరుపు, పసుపు అనే మూడు రంగులతో పేదింటికీ పెద్దింటికీ ఒకే రకమైన పండగ కళ వచ్చేది. రంగుల ఎంపిక గురించి పుస్తకాలు చదవని ఇల్లాళ్లు చేసిన అలంకరణ అది. దానికి దీటైన పొందిక నేను ఇప్పటి ఖరీదైన హాళ్లలో అరుదుగా చూశాను.

ఇంగ్లీషు ప్రభుత్వానికి సున్నం అంటే అందం కాదు, ఆరోగ్యం. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు మునిసిపాలిటీ మనుషులు ఇళ్లలోకి వచ్చి సామాను బయట పడేసి గోడలకి సున్నం కొట్టారు. ప్లేగు ఎలుకల మీద బతికే పురుగుల ద్వారా వస్తుందని 1898లో కరాచీలో ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోండ్ కనిపెట్టాడు కాబట్టి, ఆ సున్నం ప్లేగుని ఆపిందని అనలేం. కానీ తడి సున్నానికి క్షారగుణం చాలా ఎక్కువ. బూజు, అనేక సూక్ష్మక్రిములు దానిలో బతకలేవు. ఏటా సున్నం పడిన వంటగదిలో చెమ్మ వాసన ఉండకపోవడానికి కారణం అదే.

తర్వాత సిమెంటు వచ్చింది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు పొందిన ఈ పొడిని మన దేశంలో 1904లో మద్రాసులో తయారు చేయబోయారు. నిలదొక్కుకున్నది మాత్రం 1914లో పోర్‌బందర్ ఫ్యాక్టరీతోనే. గంటల్లో బిగుసుకునే సిమెంటు ముందు రోజుల తరబడి నూరే డంగు సున్నం నిలబడలేకపోయింది. 1942లో మొదలైన ఏషియన్ పెయింట్స్ లాంటి కంపెనీలు డిస్టెంపర్లని మధ్యతరగతి గోడల మీదికి తెచ్చాయి. ఏషియన్ పెయింట్స్ కోసం కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే చిలిపి పిల్లాడు చేతిలో కుంచెతో ఇంటింటికీ పరిచయమయ్యాడు. సున్నం అంటే లేనివాళ్లది, పెయింటంటే ఉన్నవాళ్లది అన్న భావం మెల్లగా పాతుకుపోయింది.

ఇక్కడే పెద్ద నష్టం జరిగింది. మట్టితోనో, రాయి సున్నంతోనో కట్టిన పాత గోడ నేలలోంచి చెమ్మని పీల్చి గాలిలోకి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, ఆపైన పెయింటు వేస్తే ఆ చెమ్మకి దారి మూసుకుపోతుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి గోడకి ఉప్పు పడుతుంది, పెయింటు బుడగలు తేలుతుంది, పెచ్చులూడతాయి. మండువా ఇళ్లు ఎన్నో ఇలాగే పాడయ్యాయి, వాటిని పాతబడ్డాయని కూల్చేశారు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ మొదలుపెట్టిన మరమ్మతుల్లో ముఖ్యమైన పని ఏమిటో తెలుసా? 20వ శతాబ్దంలో పూసిన సిమెంటుని ఒలిచి, మళ్లీ పాత పద్ధతిలో సున్నం పూయడం. ఆ సమాధులున్న ఇబ్రహీంబాగ్ వైపు వెళ్లినప్పుడు ఆ గోడల్ని దగ్గరగా చూడండి. కొత్తగా పూసినా కొట్టొచ్చినట్టు కనిపించవు, రాయితో కలిసిపోయి ఉంటాయి.

ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా, పండగకి కళ తేవాలన్నా నేను చెప్పేది ఇది. పాత గోడలున్న ఇల్లయితే ముందు కప్పు కారడం, గొట్టాలు లీకవడం ఆపించండి. సున్నం చెమ్మని కప్పిపుచ్చదు, మరక తిరిగి బయటికి తేలుతుంది. కొనేవాళ్లని మోసం చేయడానికి అది పనికిరాదు, అందుకే నాకు దాని మీద గౌరవం. సామాను బయట పెట్టి, పాత పొరలు గీకించి, గోడ తడిపి, పలచటి పూతలు రెండో మూడో వేయించండి. తడిగా ఉన్నప్పుడు పూత పడలేదేమో అనిపిస్తుంది, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. తొందరపడి చిక్కగా పూస్తే పొడిగా రాలి బట్టలకి అంటుతుంది. ఎండ ముఖాన పడే గోడకి పొద్దున్నే పూయాలి. గడ్డ సున్నం నానేసేటప్పుడు నీళ్లలో సున్నం వేయాలి తప్ప సున్నం మీద నీళ్లు పోయకూడదు. కళ్లకి అద్దాలు, చేతులకి తొడుగులు తప్పనిసరి, పిల్లలు దగ్గర ఉండకూడదు. లప్పం పెట్టి ఎమల్షన్ వేసిన అపార్టుమెంటు గోడ మీద సున్నం పట్టదు. అక్కడ లేత తెలుపు వేసి, కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా జరిపి, గోడకి వేలాడుతున్న పాత క్యాలెండర్లు తీసేయండి. గది ఎంత పెద్దదో అప్పుడు కనిపిస్తుంది.

మీ ఊళ్లో డంగు సున్నం నూరిన మేస్త్రీ ఎవరైనా ఉంటే, వెళ్లి కూర్చుని పాళ్లు అడిగి రాసుకోండి. వీలైతే ఒక కుర్రాడిని ఆయన దగ్గర పనికి పెట్టండి. మీ తాతల నాటి గోడకి సిమెంటు బస్తా తెప్పించే ముందు ఆయన్ని ఒక్కసారి పిలిపించి చూపించండి.