జడ్జి మీద ఫిర్యాదు ఎవరికి చెప్పాల? రాయచోటి నుంచి రాజ్యసభ దాకా

ఈ ఎపిసోడ్ మా మామ అడిగిన ఒక ప్రశ్నతో మొదలుపెడతా.

పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినా. భాగాల కేసులో తీర్పు ఎదురుతిరిగిందని మామ మంట మీదున్నాడు. "పోలీసోడు తప్పు చేస్తే ఎస్పీ ఉండాడు. తాసిల్దారు తప్పు చేస్తే కలెక్టరు ఉండాడు. జడ్జి తప్పు చేస్తే ఎవురికి చెప్పాలబ్బీ? బీటెక్ సదివినోడివి కదా, చెప్పు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మాకు మొదట నేర్పించేది ఒకటే: మామూలు యూజర్ చేసే పని కన్నా అడ్మిన్ చేసే పని మీద ఎక్కువ కన్నుండాలి. ఎందుకంటే అడ్మిన్ చేతిలో పవర్ ఎక్కువ. కోర్టుల్లో కూడా అంతేనా? ఇది వెతుకుతూ పోతే మన రాయచోటి పేరే వచ్చింది. అదీ ఢిల్లీలో, రాజ్యసభ దగ్గర.

ముందు కొంచెం వెనక్కి పోదాం. 1800లో నిజాం మన సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఊరి గొడవలు ఊర్లోనే తేలాలి అనేది ఆయన నమ్మకం. తర్వాత మద్రాసు న్యాయ వ్యవస్థను మార్చే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. అట్లా 1816లో కొత్త రెగ్యులేషన్లు వచ్చాయి. ఊరి పెద్దే గ్రామ మునసబు అయ్యాడు. 10 రూపాయల దాకా ఉండే దావాలు ఆయనే విని తీర్పు చెప్పొచ్చు. చిన్న చిన్న తిట్లు, కొట్లాటలకు శిక్ష కూడా వేయొచ్చు.

ఆ శిక్ష ఏందో వినండి. మామూలుగా అయితే ఊరి చావడిలో 12 గంటల దాకా కూర్చోబెట్టొచ్చు. కింది కులం మనిషైతే బొండకొయ్యలో కాళ్లు బిగించి 6 గంటల దాకా ఉంచొచ్చు. తప్పు ఒకటే, శిక్ష మాత్రం కులాన్ని బట్టి. ఇది ఎవరో ఊరి పెద్ద సొంతంగా పెట్టిన ఆచారం కాదు, కంపెనీ అచ్చేసిన చట్టం. మునసబు పదవి తండ్రి నుంచి కొడుక్కి పోయేది. శిక్ష పడిన కూలీ ఎవరి దగ్గరికి పోయి మొర పెట్టుకోవాల? ఊర్లో పోలీసు పనీ మునసబుదే, తీర్పు చెప్పేదీ మునసబే.

తర్వాత కోర్టులు పెరిగాయి, మునసబుల తీర్పు పని తగ్గింది. ఆ వంశపారంపర్య పదవులు మాత్రం 1984 జనవరి దాకా నిలిచాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మీ జేజినాయన్ని అడగండి, ఆ రోజులు ఇప్పటికీ గుర్తుంటాయి.

ఇంతలో రాజ్యాంగం వచ్చింది. న్యాయవ్యవస్థను ప్రభుత్వ అధికారుల నుంచి వేరు చేయాలని 50వ అధికరణ చెప్పింది. మరి కింది కోర్టు జడ్జిల మీద అజమాయిషీ ఎవరిది? 235వ అధికరణ ప్రకారం హైకోర్టుది. బదిలీ, క్రమశిక్షణ, సస్పెన్షన్ అన్నీ అక్కడి నుంచే. ఎమ్మెల్యేకి కోపమొస్తే జడ్జిని మార్చకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. మంచిదే.

ఇది పని చేస్తుందా అంటే, చేస్తుంది. 2012 మేలో ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దన్ రెడ్డికి హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టు జడ్జి టి. పట్టాభిరామారావు బెయిల్ ఇచ్చారు. డబ్బు తీసుకుని ఇచ్చారనే ఆరోపణ వచ్చింది. మే 31న హైకోర్టు ఆయన్ని సస్పెండ్ చేసింది. జూన్‌లో ఏసీబీ అరెస్టు చేసింది. అంటే కింది కోర్టు జడ్జి మీద ఆరోపణ వస్తే వ్యవస్థ రోజుల్లో కదలగలదు.

ఇప్పుడు రాయచోటికి వద్దాం. అప్పట్లో ఇది కడప జిల్లా. ఇక్కడ ప్రిన్సిపల్ జూనియర్ సివిల్ జడ్జిగా రామకృష్ణ పని చేశారు. దళితుడు. ఆయన ఫిర్యాదు చేసింది తన కింద గుమాస్తా మీద కాదు, తన పైనున్న హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సి.వి. నాగార్జున రెడ్డి మీద. ఒక మరణ వాంగ్మూలం విషయంలో తన మీద ఒత్తిడి తెచ్చారని, కులం పేరుతో అవమానించారని ఆయన ఆరోపణ. మరణ వాంగ్మూలం అంటే చావుబతుకుల్లో ఉన్న మనిషి చెప్పే చివరి మాట. దాన్ని మెజిస్ట్రేట్ వచ్చి రాసుకుంటాడు. ఆ కాగితం మీద ఒక మనిషి జైలుకు పోవడం, పోకపోవడం ఆధారపడొచ్చు.

ఒక మాట స్పష్టంగా చెప్తా. ఇవి ఆరోపణలు. నిజమని ఏ విచారణా తేల్చలేదు, అబద్ధమనీ తేల్చలేదు. నా బాధ కూడా అదే. ఎందుకు తేలలేదో చూడండి.

హైకోర్టు జడ్జిని తొలగించాలంటే దారి పార్లమెంటే. రాజ్యసభలో కనీసం 50 మంది గానీ, లోక్‌సభలో కనీసం 100 మంది గానీ సంతకాలు పెట్టాలి. సభాధ్యక్షుడు ఒప్పుకుంటే ముగ్గురితో విచారణ కమిటీ వేస్తారు. ఆరోపణలు రుజువైతే రెండు సభల్లో ఓటింగ్. హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండొంతులు, పైగా సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఉండాలి.

2016 డిసెంబర్‌లో జస్టిస్ నాగార్జున రెడ్డి మీద 61 మంది రాజ్యసభ సభ్యులు సంతకాలు పెట్టారు. రాయచోటి కోర్టు గదిలో మొదలైన ఫిర్యాదు అప్పటి రాజ్యసభ ఛైర్మన్ హమీద్ అన్సారీ టేబుల్ మీదికి చేరింది. తర్వాత సంతకం పెట్టిన వాళ్లలో కొందరు వెనక్కి తగ్గారు. 2017లో మళ్లీ ప్రయత్నం జరిగింది. అదీ విచారణ కమిటీ దాకా పోలేదు. 2018 డిసెంబర్‌లో జస్టిస్ నాగార్జున రెడ్డి పదవీ విరమణ చేశారు. 2019లో ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి ఛైర్మన్ అయ్యారు. రామకృష్ణను 2020లో కూడా పత్రికలు "సస్పెండైన మెజిస్ట్రేట్" అనే రాశాయి.

ఒకదానికి ఇంకొకటి కారణం అని నేను అనట్లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడమంటున్నా, అంతే. ఫిర్యాదు అబద్ధమైతే ఆ న్యాయమూర్తి పేరు మీద మచ్చ పోవాలి. నిజమైతే ఆ మెజిస్ట్రేట్‌కు న్యాయం జరగాలి. విచారణే జరగకపోతే ఇద్దరికీ అన్యాయమే.

ఇది ఒక్క రాయచోటి కథ కాదు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి. రామస్వామి మీద 14 అభియోగాల్లో 11 రుజువయ్యాయని కమిటీ చెప్పింది. లోక్‌సభలో తొలగించాలని 1993లో 196 మంది ఓటేశారు. 205 మంది ఎటూ ఓటేయకుండా కూర్చున్నారు. తీర్మానం వీగిపోయింది. 2011లో కలకత్తా హైకోర్టు జడ్జి జస్టిస్ సౌమిత్ర సేన్ మీద రాజ్యసభలో తీర్మానం నెగ్గింది. లోక్‌సభకు రాకముందే ఆయన రాజీనామా చేశారు.

పార్లమెంటు కాకుండా ఇంకో దారి ఉంది, జడ్జిలే జడ్జిలను విచారించుకునే అంతర్గత పద్ధతి. 2020 అక్టోబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ జస్టిస్ ఎన్.వి. రమణ మీద ఫిర్యాదు పంపారు. 2021 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏం పరిశీలించారు, ఎందుకు కొట్టేశారు అనేది గోప్యం. మీరు ఏ పార్టీ వాళ్లయినా సరే, ఫలితం కనిపించి కారణం కనిపించకపోతే నమ్మకం ఎట్లా కుదురుతుంది?

ఇప్పుడు రెండో పక్క. జడ్జి మీద ఫిర్యాదు చేయడం తేలికైపోతే ఏమవుతుంది? కేసు ఓడిన ప్రతోడూ జడ్జి మీద పడతాడు. ఊర్లో బలమున్నోడు జడ్జిని భయపెడతాడు. అందుకే న్యాయాధికారులకు 1850 నుంచే రక్షణ చట్టం ఉంది. నిజాయితీగా పని చేసే కింది జడ్జిలను అల్పమైన ఫిర్యాదుల నుంచి హైకోర్టులే కాపాడాలని 1988లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సీమలో ఒక జూనియర్ జడ్జి మీద పెద్దోళ్ల ఒత్తిడి ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పాల్నా?

కాబట్టి నాకు అర్థమైంది ఇది. మన దగ్గర జవాబుదారీతనం నీళ్ల లాంటిది, పై నుంచి కిందికే పారుతుంది. కింది జడ్జిని పైజడ్జి అడగ్గలడు. పైజడ్జిని కింది జడ్జి అడిగితే ఆ మాట ఢిల్లీ దాకా పోయి, అక్కడ సంతకాల లెక్కలో ఇంకిపోతుంది. 1816లో మునసబుని అడిగేవాడు లేడు. ఇప్పుడు అడిగే దారి ఉంది, కానీ మెట్లు ఎక్కేకొద్దీ ఆ దారి సన్నబడుతుంది.

మామకు ఫోన్ చేసి చెప్పినా. "మామా, తీర్పు తప్పనిపిస్తే అది ఫిర్యాదు కాదు, అప్పీలు. గడువు దాటకముందే వెయ్యి. జడ్జి లంచం అడిగినాడనో, ఎదుటి పార్టీతో కుమ్మక్కయినాడనో ఆధారం ఉంటే అది వేరే. ప్రమాణపత్రం జతచేసి జిల్లా జడ్జికో, హైకోర్టు విజిలెన్స్ రిజిస్ట్రార్‌కో పంపొచ్చు. కేసు నడుస్తున్నప్పుడే అనుమానం ఉంటే వేరే కోర్టుకు మార్చమని అడగొచ్చు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "లంచం గించం ఏం లేదులేబ్బీ. తీర్పు నచ్చలేదంతే" అన్నాడు. ఆ వారమే పోయి అప్పీలు కాగితాలు ఇచ్చొచ్చినాడు.

మామకు దారి దొరికింది. రాయచోటిలో ఆ మెజిస్ట్రేట్ అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. మీ ఇంట్లో ఎవరైనా కోర్టు చుట్టూ తిరుగుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. మళ్లీ కలుద్దాం.